మెత్తటి ఎముకలో ఇంప్లాంట్: థ్రెడ్స్ లోతుగా ఉంటే సరిపోతుందా?

నమస్కారం. మా అమ్మకి పై దవడలో వెనక పన్ను తీసేసి చాలా కాలమైంది. ఇప్పుడు ఇంప్లాంట్ (పన్ను వేరులా ఎముకలో బిగించే స్క్రూ) పెట్టిద్దామనుకుంటున్నాం. స్కాన్ చూసిన డాక్టర్ గారు అక్కడ ఎముక బాగా మెత్తగా, డీ4 రకంగా (అన్నిటికంటే మెత్తటి రకం) ఉందన్నారు. అందుకే చివరికి సన్నబడే, లోతైన థ్రెడ్స్ (స్క్రూ మరలు) ఉన్న ఇంప్లాంట్ వాడతారట. ఎముకలో రంధ్రం కూడా ఇంప్లాంట్ కంటే కొంచెం సన్నగానే చేస్తారట.

నాకు అర్థమైనంతలో, థ్రెడ్స్ లోతుగా, దగ్గరదగ్గరగా ఉంటే ఎముకకు ఆనుకునే భాగం పెరిగి, మెత్తటి ఎముకలోనూ పట్టు దొరుకుతుంది. కింది దవడ ముందువైపులా గట్టి ఎముకైతే అదే ఇంప్లాంట్ బిగించడం కష్టం. ఒత్తిడి ఎక్కువై ఎముక దెబ్బతినొచ్చు కూడా. ఇంతవరకూ సరే.

నా సందేహమల్లా ఆ తర్వాతి సంగతి. పెట్టిన రోజు ఉన్న పట్టు మొదటి కొన్ని వారాల్లో తగ్గి, కొత్త ఎముక పట్టాక మళ్లీ పెరుగుతుందట. ఆ మధ్యకాలంలో లోతైన థ్రెడ్స్ నిజంగా కాపాడతాయా? బిగించేటప్పుడు టార్క్ (తిప్పడానికి పట్టే బలం) కనీసం 35 ఎన్‌సీఎం (న్యూటన్ సెంటీమీటర్లు) రాకపోతే దాని మీద వెంటనే పన్ను పెట్టనన్నారు డాక్టర్ గారు. ఆ మాట నాకు నచ్చింది. అమ్మేమో నమల్లేకపోతున్నా, నెలలు ఆగాలా అని టెన్షన్ పడుతోంది. షుగర్ ఉంది, కంట్రోల్‌లోనే ఉంది.

డెంటిస్టులు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. టార్క్ ఒక్కటి చూస్తే చాలా, ఐఎస్‌క్యూ (ఇంప్లాంట్ ఎంత కదలకుండా ఉందో కొలిచే అంకె) రీడింగ్ కూడా తీయమని అడగాలా? డీ4 ఎముకలో పెట్టించుకున్నవాళ్లు పన్ను ఎప్పుడు బిగించుకున్నారు?