పిల్లలకి చెస్ నేర్పడానికి ఏ పుస్తకాలు, ఏ సాఫ్ట్‌వేర్ వాడారు? మీ అనుభవాలు చెప్పండి

గోదారి_అమ్మ:
అందరికీ నమస్కారం అండి. మా బాబుకి ఏడేళ్ళు. ఎండాకాలం సెలవల్లో మా నాన్నగారి దగ్గర చదరంగం నేర్చుకొచ్చాడు, అప్పట్నుంచీ లేస్తే అదే కూర్చుంటే అదే. సమస్య ఏంటంటే నాన్నగారిది పాత పద్ధతి. బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే జరగాలి, క్యాస్లింగ్ (రాజు, ఏనుగు ఒకే ఎత్తులో జరగడం) లేదు, రాజు మాత్రం ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రంలా దూకొచ్చు. వీడు మా ఆయన ఫోన్లో ఏదో యాప్ పెట్టి ఆడుతుంటే కంప్యూటర్ బంటుని రెండు గళ్ళు జరిపింది, అంతే, "అమ్మా ఇది తొండి ఆడుతోంది" అని ఇల్లు పీకి పందిరేశాడు. నాకు చెస్ రాదు, మా ఆయనకి పావులు ఎలా నడుస్తాయో తెలుసు, అంతకుమించి లేదు. ఆన్‌లైన్ క్లాసులో ఒక నెల చేర్పించాం, పన్నెండు మంది పిల్లలు, ఆ సార్ రెండో రోజు నుంచే ఇటాలియన్ ఓపెనింగ్, సిసిలియన్ డిఫెన్స్ అంటూ ఆట ఆరంభించే పద్ధతులు మొదలెట్టారు, మావాడు కెమెరా ఆపేసి నోట్‌బుక్‌లో డైనోసార్లు గీసుకున్నాడు. ఇంట్లో పక్కన కూర్చుని నేర్పడానికి పుస్తకంగానీ సాఫ్ట్‌వేర్‌గానీ చెప్పండి. టాప్ టెన్ లిస్టులు వద్దు, మీ పిల్లల దగ్గర నిజంగా పనిచేసినవి చెప్పండి చాలు.

బంటు64:
తొండి 😂 మా పెద్దది కూడా ఇదే గోల.
ముందు లిచెస్ అనే చెస్ సైటుతో మొదలెట్టండి. ఫ్రీ అంటే నిజంగా ఫ్రీనే, యాడ్స్ లేవు, ప్రీమియం కొనమని మధ్యలో వచ్చి అడగదు. ఫ్రాన్స్‌లో రిజిస్టరైన లాభాపేక్ష లేని సంస్థ అది, విరాళాల మీద నడుస్తుంది. అందులో లెర్న్ అని ఉంటుంది, ఒక్కో పావుకి ఒక్కో పాఠం, బోర్డు మీద నక్షత్రాలు ఉంటాయి, ఆ పావుతో తక్కువ ఎత్తుల్లో వాటన్నిటినీ ఏరుకోవాలి. గుర్రం పాఠం మా అమ్మాయి ఓ నలభై సార్లు ఆడుంటుంది. బంటు రెండు గళ్ళు, క్యాస్లింగ్, అన్నీ అక్కడే వస్తాయి, కాబట్టి మీ తొండి కేసు కూడా తేలిపోతుంది.
రెండు సెట్టింగులు మర్చిపోవద్దు. ఒకటి కిడ్ మోడ్, అది పెడితే చాట్, మెసేజ్‌లు రావు. రెండోది రేటింగులు, అంటే ఆట బలం చూపే అంకెలు, కనపడకుండా ఆపేయొచ్చు, అది తప్పకుండా చెయ్యండి. కొత్తగా చేరినవాళ్ళకి 1500 అని చూపిస్తుంది, ఓ పది ఆటలు ఓడేసరికి అది జారుతూ ఉంటుంది, పిల్లలకి ప్రోగ్రెస్ కార్డు చూసినంత దిగులు. మేం ఆలస్యంగా తెలుసుకున్నాం, అప్పటికే ఓ వారం ఏడుపులు అయిపోయాయి.

దక్కన్_గుర్రం:
లిచెస్ మంచిదే, కాదంటలేను. కానీ ఫోన్ల ఆడితే పిల్లలు టకటక నొక్కుడే, సోచాయించరు. మా బిడ్డకు ఎనిమిదేండ్లు, మొదట ఆర్నెల్లు ఫోన్లనే ఆడింది, ఒకరోజు ముంగట నిజం బోర్డు పెడితే గుర్రం ఏడున్నదో కూడ కనిపెట్టలే. అప్పటిసంది బోర్డు మీదనే ఆడిస్తున్న. చుట్టి పెట్టుకునే రెక్జిన్ బోర్డు, ప్లాస్టిక్ పావులు, టోర్నమెంట్ సైజువి తీస్కోండ్రి, గాజు బోర్డు, అయస్కాంతం బోర్డు అసలు వద్దు, అవి షోకేసుకే పనికొస్తయి.
పుస్తకం సంగతి చెప్త. కోఠీల పాత పుస్తకాల దుకాన్ల యాభై రూపాయలకు ఒక చెస్ పుస్తకం దొరికింది, మస్తు ఖుషీగ ఇంటికి తెచ్చిన. తెరిస్తే అంత పి-కె4, ఎన్-కెబి3 అని రాసున్నది. నాకేం సమజ్ కాలే. తర్వాత తెలిసింది అది ఎత్తులు రాసే పాత పద్ధతి అని, 1981 నుంచి అంతర్జాతీయ చెస్ సంఘం ఫిడే ఆ రాతను ఒప్పుకుంటలేదు, ఇప్పుడంత ఈ4, ఎన్ఎఫ్3 అనే రాస్తరు. పాత పుస్తకం కొనేటోళ్ళు ముందుగాల లోపలి పేజీ తెరిచి చూడుండ్రి.
మాకు పనిచేసింది లాస్లో పోల్గార్ పుస్తకం, 5334 ప్రాబ్లమ్స్ ది. పెద్ద చెస్ ప్లేయర్ జుడిత్ పోల్గార్ వాళ్ళ నాయిన. ఇటుకంత ఉంటది, భయపడకుండ్రి. దాంట్ల మొదటి 306 లెక్కలు ఒక్క ఎత్తుల ఆటకట్టువి. మాకు గవే కావాలె. దినం ఐదు. బిడ్డ పేజీ చూసి పావులు బోర్డు మీద తనే పేర్చాలె, పేర్చినంక ఎత్తు చెయ్యాలె. పేర్చుడుకే పది నిమిషాలు పట్టేది మొదట్ల, తెల్ల శకటు నల్ల గడిల పెడతది, మళ్ళ తీస్తది. ఆ పేర్చుడుల్నే సగం చదువు వస్తది, నేనైతే గిదే చెప్త ఎవరికైనా.

గోదారి_అమ్మ:
అబ్బ చాలా థాంక్స్ అండి. ఒక చిన్న డౌటు, శకటు అంటే మా ఇంట్లో ఒంటె అంటాం అదేనా? నాన్నగారు మంత్రి అంటారు, యాప్ క్వీన్ అంటుంది, వీడు "మంత్రి ఆడదా అమ్మా" అని అడిగాడు, ఏం చెప్పాలో తెలీక పాలు తాగు అన్నా.

ఆటకట్టు_మాస్టారు:
అదేనమ్మా, శకటు అన్నా ఒంటె అన్నా ఐమూలగా పోయేదే, బిషప్పే. నేను జిల్లా పరిషత్ స్కూల్లో లెక్కల టీచర్ని, సాయంత్రాలు చెస్ చెప్తుంటాను. పిల్లలకి రెండు పేర్లూ చెప్తా, మంత్రి అంటే క్వీన్, ఏనుగు అంటే రూక్, వాళ్ళు కలిపేసుకుంటారు, మనకే ఆ తికమక అంతా. మీ అబ్బాయి అడిగింది చాలా మంచి ప్రశ్న. పూర్వం మంత్రి ఒక్క గడి, అదీ ఐమూలగా మాత్రమే కదిలేది. ఇప్పుడు మనం చూసే బలం ఆ పావుకి యూరప్‌లో, పదిహేనో శతాబ్దం చివర్లో వచ్చింది. బంటుకి రెండు గళ్ళు కూడా ఆట తొందరగా సాగాలని అక్కడ చేర్చిందే. తాతగారిది తప్పు కాదు, పాత ఆట. ఈ ముక్క పిల్లాడితో అలాగే చెప్పండి, తొండి అనే మాట పోతుంది. ఎలాగూ తర్వాత ఆంపాసాంత్ వచ్చినప్పుడు మళ్ళీ గొడవ పెడతాడు, బంటు రెండు గళ్ళు దూకి తప్పించుకోకుండా పెట్టిన రూలు అది, కథ తెలిస్తే గుర్తుంటుంది.
ఇక పుస్తకాలు. నేను వాడేది స్టెప్ మెథడ్, నెదర్లాండ్స్‌లో రాబ్ బ్రూనియా, కార్ వాన్ వైగర్డెన్ అనే ఇద్దరు తయారుచేశారు, మెట్టు మెట్టుకీ సన్నటి వర్క్‌బుక్కులు ఉంటాయి. పేజీకి పన్నెండు బొమ్మలు, పిల్లాడు పెన్సిల్‌తో బాణం గుర్తు వేస్తాడు, అంతే, మన కాపీరైటింగ్ పుస్తకాల్లాగా. మాటలు చాలా తక్కువ కాబట్టి ఇంగ్లీషు రాని మా పిల్లలకి కూడా పనికొచ్చింది. కానీ టీచర్ మాన్యువల్ కూడా తీసుకోండి, అసలు విలువంతా అందులోనే ఉంది. కొత్తగా నేర్చుకునే పిల్లాడికి ముందు పావులే కనపడతాయి, దొరికింది దొరికినట్టు తినేస్తాడు. తర్వాతే బోర్డంతా కనపడటం మొదలవుతుంది. ఆ పైనే సమయం విలువ, అంటే ముందు ఎవరు ఏ పని చెయ్యాలి అన్నది. మొదటి దశలో ఉన్నవాడికి ఓపెనింగులు చెప్తే డైనోసార్లే గీస్తాడమ్మా, మీవాడి తప్పేం లేదు.

బంటు64:
మాస్టారూ స్కూల్లో బోర్డులు ఎన్ని ఉన్నాయి సార్? మా కాలనీలో వాలంటీర్‌గా మొదలెడదాం అనుకుంటున్నా, ఇరవై మంది పిల్లలు అంటే ఎలా మేనేజ్ చేస్తారో అర్థం కావట్లేదు.

ఆటకట్టు_మాస్టారు:
ఆరు బోర్డులు, నలభై మంది. గోడకి తగిలించి అందరికీ చూపించే డెమాన్‌స్ట్రేషన్ బోర్డు కొనడానికి డబ్బుల్లేక రెండు చార్టులు అతికించి గళ్ళు గీశాను, ఒక్కో గడి కింది అంచున చీర కవర్ల ప్లాస్టిక్ కత్తిరించి జేబులా స్టేపుల్ చేశాను, పాత పెళ్ళి కార్డుల మీద పావులు గీసి ఆ జేబుల్లో దూరుస్తాం. మూడేళ్ళు అయింది, గాలొస్తే బంట్లు రాలతాయి తప్ప బాగానే ఉంది.
మొదటి రెండు వారాలు పూర్తి ఆట ఆడనివ్వను. బంట్లు మాత్రమే, ఎనిమిదికి ఎనిమిది, ఎవరి బంటు ముందు అవతలి ఒడ్డుకి చేరితే వాళ్ళు గెలిచినట్టు. తర్వాత ఒక ఏనుగుకి ఐదు బంట్లు. నలభై మందైనా ఆట ఐదు నిమిషాల్లో తేలిపోతుంది, లైను కదులుతుంది.
మా కంప్యూటర్ ల్యాబ్‌లో నెట్ ఉన్నా లేనట్టే. అందుకని లూకాస్ చెస్ పెట్టాను, విండోస్‌లో ఫ్రీ, నెట్ అక్కర్లేదు, చిన్నపిల్లలు గెలవగలిగేంత బలహీనమైన ఇంజిన్లు (చెస్ ఆడే ప్రోగ్రాములు) కూడా ఉంటాయి అందులో. ఇంకా చిన్నవాళ్ళకి జీకాంప్రీ, అది చిన్నపిల్లల ఆటల మూట, అందులో చెస్ ఒక భాగం.

డల్లాస్_బావ:
మేం టెక్సాస్‌లో ఉంటాం, ఇక్కడ లైబ్రరీలో పిల్లల చెస్ పుస్తకాలు ఒక అరంతా ఉంటాయి, ఓ పదిహేను తెచ్చి చూసుంటా. మా వాడికి ఎక్కింది రెండే. బాబీ ఫిషర్ టీచెస్ చెస్, 1966 నాటిది, ఒక పేజీలో ప్రశ్న, పేజీ తిప్పితే జవాబు, సగం అయ్యాక పుస్తకాన్నే తలకిందులు చేసి వెనక్కి చదువుకుంటూ రావాలి, ఆ తిప్పడం కోసమే మావాడు చదివాడేమో అని నా అనుమానం. ఎక్కువ భాగం ఆటకట్టు లెక్కలే. రెండోది మర్రీ చాండ్లర్ రాసిన హౌ టు బీట్ యువర్ డాడ్ ఎట్ చెస్, అందులో యాభై ఆటకట్టు నమూనాలు. పేరు చూసి మొదటి పుస్తకంగా కొనకండి, కాస్త ఆట వచ్చాకే అర్థమవుతుంది. మావాడు టైటిల్ చూసి ఎగిరి గంతేశాడు, నాలుగో పేజీలో వదిలేశాడు, మళ్ళీ ఏడాది తర్వాత తీశాడు, ఇప్పుడు నేను నిజంగానే ఓడిపోతున్నా.
యాప్ అయితే చెస్‌కిడ్, చెస్‌డాట్‌కామ్ వాళ్ళదే పిల్లల సైటు. వీడియోలు బాగుంటాయి, పిల్లలకి నవ్వొచ్చేట్టు చెప్తారు. అన్నీ కావాలంటే డబ్బు కట్టాలి. ఏమాటకామాట చెప్పాలంటే మావాడు చెస్ కంటే అందులో ఇచ్చే బొమ్మలూ స్టార్ల కోసం ఎక్కువ ఆడాడు.

నైట్‌షిఫ్ట్_నాన్న:
ఇంత ఖర్చు ఎందుకు బ్రో, యూట్యూబ్‌లో అన్నీ ఉన్నాయి. పక్కన స్టాక్‌ఫిష్ ఇంజిన్ ఆన్ చేసి పెడితే ఎక్కడ తప్పు చేశాడో అదే చెప్తుంది, కోచ్ కూడా అక్కర్లేదు.

దక్కన్_గుర్రం:
అన్నా గట్లనే చేసిన నేను కూడ. ఇంజిన్ చూపే ఎర్ర బాణం చూసుడు, అదే ఎత్తు ఆడుడు. ఎందుకు ఆడినవ్ బిడ్డా అంటే "అదే చెప్పింది" అంటది. బంద్ చేసిన.

ఆటకట్టు_మాస్టారు:
గుకేశ్‌ని గ్రాండ్‌మాస్టర్ అయ్యేదాకా ఇంజిన్ ముట్టనివ్వలేదని కోచ్ విష్ణు ప్రసన్న చాలాసార్లు చెప్పారు. పన్నెండేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయిన పిల్లాడికే అవసరం పడలేదంటే మన రెండో తరగతి వాడికి ఎందుకండీ. కావాలంటే ఆట అయిపోయాక మీరు ఒక్కరే చూసుకోండి, ఒక్క తప్పు ఎంచుకుని రేపు దాన్నే బోర్డు మీద పెట్టి అడగండి, ఇక్కడ ఏం చేస్తావురా అని.
ఇంకోటి, తల్లిదండ్రులకి చెస్ రాదని బెంగ వద్దు, మొదటి ఏడాది పక్కన కూర్చునే మనిషి చాలు. మన గుంటూరు గ్రాండ్‌మాస్టర్ హరికృష్ణకి మొదట నేర్పింది వాళ్ళ తాతగారే. కోనేరు హంపికి వాళ్ళ నాన్న అశోక్ గారు. మన దగ్గర చాలామందికి మొదటి అకాడమీ ఇల్లే.

డల్లాస్_బావ:
టోర్నమెంట్లకి ఎప్పుడు పంపాలి మాస్టారు? మా చెల్లెలు విజయవాడలో ఉంటుంది, వాళ్ళ పాపకి రేటింగ్ రాలేదని తెగ టెన్షన్ పడుతోంది.

ఆటకట్టు_మాస్టారు:
ఏ ఊళ్ళో అయినా ఆదివారం పూట చిన్న టోర్నమెంట్లు జరుగుతుంటాయి, ఎత్తులు రాయడం వచ్చాక, ఓడితే ఏడ్చి మళ్ళీ తర్వాతి రౌండుకి కూర్చోగలిగితే పంపొచ్చు. రేటింగ్ మాత్రం ఇప్పుడు అడక్కండి. 2024 మార్చి నుంచి ఫిడే కనీస రేటింగ్ 1000 నుంచి 1400 చేసింది, అందువల్ల చిన్నపిల్లలకి ఇదివరకంత తొందరగా రాదు. రాకపోతే కొంప మునిగిపోదని మీ చెల్లెలికి చెప్పండి.

గోదారి_అమ్మ:
మూడు వారాల తర్వాత మళ్ళీ వచ్చాను అండి, మీరందరూ చెప్పినవి కలిపి చేశాం. లిచెస్‌లో నక్షత్రాల పాఠాలు పూర్తయ్యాయి, రెక్జిన్ బోర్డు కొన్నాం, పోల్గార్ పుస్తకం దొరికింది, రోజూ ఐదు అనుకున్నాం గానీ మూడే అవుతున్నాయి, నేను కూడా పక్కన కూర్చుని చేస్తున్నా, నాకంటే వాడే ముందు కనిపెడుతున్నాడు. మాస్టారి బంట్ల ఆటలో మా ఆయన రెండుసార్లు ఓడిపోయి ఆఫీసు పనుందని లేచిపోయారు.
నిన్న నాన్నగారు వచ్చారు. వీడు ఏనుగుతో వెనక వరసలో ఆటకట్టు చేశాడు, రాజు ముందు మూడు బంట్లు, కదలడానికి గడి లేదు. నాన్నగారు ఓ నిమిషం చూసి, పొడుం పీల్చి, మెల్లిగా రాజుని ఎత్తి గుర్రంలా బంట్ల మీదుగా అవతల పెట్టారు. "ఒక్కసారి దూకొచ్చురా, రూలే" అన్నారు. ఇప్పుడు వీడు నన్ను అడిగేది ఏంటంటే లిచెస్‌లో ఈ రూలు ఎక్కడ ఆన్ చెయ్యాలి అని 😭

దక్కన్_గుర్రం:
మా తాత ఊర్ల ఆడినప్పుడు రాజుకు ఒక్కసారి చెక్ తగిలితే ఆ దూకుడు పోతుండె అక్కా. చెక్ పడకముందే దూకాలె. మీ నాయిన మనుమనికి ఆ ముక్క చెప్పలేదేమో అడుగు.

గోదారి_అమ్మ:
అడిగా. వినపడనట్టు పేపర్ తిప్పుతున్నారు.