చెకుముకి, చకుముకి: ఏ పాఠం సరైనది?

మక్తల్ నుంచి:
వానలు వెలిశాక కృష్ణ ఒడ్డు చేన్లో చిన్న చిన్న రాతి పెచ్చులు తేలాయి. అంచు తగిలితే వేలు తెగేంత పదును. వాటిని చూసినప్పటి నుంచి మా నాన్న చదివే పద్యపాదం ఒకటి నోట్లో ఆడుతోంది: “శిలల లోన దాగు చెకుముకి రాతిలో”. రెండో పాదంలో నిప్పు వస్తుంది, అంతే గుర్తు. మా చిన్నాయన మాత్రం “చాల నాళ్లు దాగు చకుముకి రాతిలో” అంటాడు. ఎవరి పద్యమిది? ఏది అసలు పాఠం?

నల్లగొండ పంతులు:
ఆటవెలది. నాలుగో గణం దగ్గర యతి (పాదం మొదటి అక్షరంతో పొత్తు) చూస్తే తేలిపోవాలి. కానీ శి–చె కుదిరింది, చా–చ కూడా కుదిరింది! మార్చినవారెవరో ఛందస్సు తెలిసినవారే. అక్షరం మార్చి, దానికి తగ్గట్టు ఎత్తుగడ కూడా మార్చారు. నా మొగ్గు చిన్నాయన వైపే. “శిలల లోన” అని మళ్లీ “రాతిలో” అనడం పునరుక్తి.

దేవరకొండ:
పునరుక్తి కాదు సార్, నిర్ధారణ షష్ఠి. అన్ని శిలల్లోకీ నిప్పు దాచుకున్నది ఇదొక్కటే అని విడదీసి చెప్తున్నాడు కవి. పైగా చెకుముకిలో “చెక్కు” ఉంది. చెక్కితే పెచ్చులూడే రాయి కదా.

పాలమూరు:
చెక్కుకూ దీనికీ చుట్టరికం లేదన్నా. తుర్కీలో “చక్మక్” అంటే కొట్టడం, రవ్వ రాజేయడం. ఇప్పటికీ అక్కడ లైటర్‌ను చక్మక్ అనే అంటారు, రాయి అయితే “చక్మక్ తాషి”. అక్కడినుంచి పారశీకం, ఉర్దూ మీదుగా మన దాకా వచ్చింది. కన్నడంలోనూ చకమకే, అక్కడి పేపర్లు ఘర్షణకు కూడా ఆ మాటే వాడతాయి. అంతటా మొదటి అక్షరం చ అయితే మనకు చె ఎందుకొచ్చింది? నా ఊహ ఇది: తెలుగులో అకారం ముందు చకారం దంత్యమవుతుంది, అంటే నాలుక పళ్ల దగ్గర తగిలి పలుకుతుంది, చలి, చదువు అన్నట్టు. బయటి మాటలోని తాలవ్యాన్ని (చిలుక, చెట్టు అన్నప్పటి చకారాన్ని) నిలుపుకోవడానికి నాలుక చె వైపు జరిగింది.

దేవరకొండ:
అయితే చిన్నాయన పాఠం మీరే కొట్టేశారు. “చాల”లో ఉన్నది దంత్యం, మీ చకుముకిలో ఉన్నది తాలవ్యం. లిపిలో యతి కుదిరినా చెవిలో కుదరదు.

నల్లగొండ పంతులు:
పద్యం పలికేవాడు రెండింటినీ దంత్యంగానే పలికితే? మా వైపు ముసలివాళ్లు అలాగే అంటారు. అయినా ఈ పోలిక చూడండి, రాతిలో దాగిన నిప్పు! ఇది వేమన దారి. పెద్ద తత్వాన్ని చేతికందే వస్తువులో పెట్టడం ఆయనకే చెల్లింది.

పాలమూరు:
మకుటం లేకుండా వేమనకు కట్టబెట్టకండి సార్. ఆటవెలది కనపడితే చాలు ఆయన ఖాతాలో వేస్తాం. బ్రౌన్ 1829లో వేమన పద్యాలు అచ్చు వేసేనాటికే ఒక్కో పద్యానికి ఎన్ని పాఠాంతరాలో!

నల్లగొండ పంతులు:
జనం అన్ని రకాలుగా నోట పెట్టుకున్నారంటే అది ఆ కవి గొప్పతనమే.

గద్వాల:
రాళ్ల సంగతి అందరూ వదిలేశారు. మక్తల్ అన్నా, మీకు దొరికింది చెకుముకి కాకపోవచ్చు. ఇంగ్లిష్ పుస్తకాల్లోని ఫ్లింట్ యూరప్‌లో సుద్దరాయి పొరల మధ్య గడ్డలుగా దొరుకుతుంది. మన గ్రానైట్ నేలలో ఆ పొరలేవీ? మన పాతరాతి మనిషి గొడ్డలికి క్వార్ట్‌జైట్ వాడాడు. తర్వాతివాళ్లు చిన్న బ్లేడులకు చెర్ట్, అగేటు, పలుగురాయి వాడారు. నున్నగా నూరిన గొడ్డళ్లు డోలరైట్‌వి. పెచ్చు లోపలివైపు చూడండి. దెబ్బ తగిలిన కొస దగ్గర చిన్న ఉబ్బు, అక్కడినుంచి అలల్లా గీతలు ఉంటే మనిషి కొట్టిందని గట్టిగా అనుమానించాలి. వెనకవైపు నిలువుగా సమాంతర గట్లు కూడా ఉంటే ఇంకా నమ్మకం. ట్రాక్టర్ నాగలి విరిచిన రాయికి అంచు కొత్తగా, రంగు మారకుండా ఉంటుంది. ఒక్క బ్లేడు చూసి కాలం చెప్పలేం, పక్కన కుండపెంకులున్నాయేమో చూడండి. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో (ఆదిలాబాద్ ఉట్నూరు కాదు) 1957లో పురావస్తు పరిశోధకుడు ఆల్చిన్ తవ్విన బూడిద దిబ్బ పశువుల దొడ్డి అని తేలింది. పేడ తగలబడి పేరుకున్న దిబ్బ అది. ఆ కాపరులూ రాతి బ్లేడులే వాడారు. దయచేసి సంచిలో ఏరుకు రావద్దు. రాయి ఎక్కడ పడి ఉందన్నదే సగం చరిత్ర. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, పురావస్తు శాఖకు చెప్పండి.

దేవరకొండ:
బాగా చెప్పారు. కానీ పలుగురాయి కూడా ఉక్కుతో కొడితే రవ్వలు రాలుస్తుంది. అప్పుడు చెకుముకి అన్నది రాయి జాతా, అది చేసే పనా?

పాలమూరు:
పనే. అందుకే తుర్కీవాడూ పక్కన “రాయి” చేర్చుకున్నాడు.

నల్లగొండ పంతులు:
మక్తల్ బాబూ, మీ చిన్నాయన చేత పాదం చదివించి వాయిస్ రికార్డు పెట్టండి. “చాల”లో చకారం, “చకుముకి”లో చకారం ఒకేలా పలుకుతాడో లేదో వినాలి.

మక్తల్ నుంచి:
సోమవారం సంతకు వస్తాడు సార్, చదివిస్తాను. రాళ్లు చేన్లోనే ఉన్నాయి, ముట్టుకోను.