కొత్తగా ఫ్రిస్కో వచ్చాం: ఇక్కడి పోలీసులు, పార్టీలు, మన హద్దులు

ప్రశ్న (ఫ్రిస్కో, హెచ్1బి)
అందరికీ నమస్కారం. నేనూ మా ఆవిడా ఈమధ్యే టెక్సస్ వచ్చాం. ఇక్కడ షెరీఫ్ (కౌంటీ పోలీసు అధిపతి), జడ్జి పదవులకు కూడా పార్టీ గుర్తుతోనే పోటీ చేస్తారట. పోలీసే పార్టీ మనిషైతే మనలాంటి వాళ్ల పరిస్థితి ఏంటి? కారు మీద రాజకీయ స్టిక్కర్ ఉంటే ఆపుతారా? తెలిసినవాళ్లు ఒక అభ్యర్థి ఫండ్‌రైజర్‌కి (విరాళాలు సేకరించే కార్యక్రమానికి) రమ్మంటున్నారు, వెళ్లొచ్చా? పెద్దలు చెప్పగలరు.

జవాబు (కాలిన్ కౌంటీ)
తమ్ముడూ, "పోలీసులు" అని అందరినీ ఒకే గాటన కట్టకు. ఫ్రిస్కో సిటీ పోలీస్ చీఫ్‌ని ఎవరూ ఎన్నుకోరు, సిటీ మేనేజర్ నియమిస్తాడు. సిటీ కౌన్సిల్ ఎన్నికల బ్యాలెట్ మీద పార్టీ పేరు ఉండదు. కౌంటీ దగ్గరికొచ్చేసరికి లెక్క మారుతుంది. షెరీఫ్, డిస్ట్రిక్ట్ అటార్నీ (డీఏ, ప్రభుత్వం తరఫున క్రిమినల్ కేసులు నడిపే లాయర్), కానిస్టేబుల్, జస్టిస్ ఆఫ్ ది పీస్ (జేపీ, చిన్న కేసులు చూసే జడ్జి), జిల్లా జడ్జీలు అంతా పార్టీ టికెట్ మీద నాలుగేళ్లకు ఎన్నికవుతారు. ఫ్రిస్కోలో కొంత కాలిన్ కౌంటీ, కొంత డెంటన్ కౌంటీ. మీ ఇల్లు ఎందులోకి వస్తుందో ముందు చూసుకో, ఎందుకంటే రెండింటికీ షెరీఫ్ వేరు, డీఏ వేరు.

ట్రాఫిక్ టికెట్ వస్తే ఏ కోర్టుకి వెళ్లాలో దాని మీదే రాసి ఉంటుంది. సిటీ పోలీస్ ఇచ్చింది మున్సిపల్ కోర్టుకి వెళ్తుంది. షెరీఫ్ డిప్యూటీ, కానిస్టేబుల్, స్టేట్ ట్రూపర్ (రాష్ట్ర పోలీసు) ఇచ్చింది జేపీ కోర్టుకి వెళ్తుంది. టికెట్ మీద సంతకం పెట్టడం తప్పు ఒప్పుకోవడం కాదు, చెప్పిన తేదీలోపు హాజరవుతానని మాట ఇవ్వడం. ఆ తేదీ దాటితే వారెంట్ వస్తుంది. మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే.

ఇక పక్షపాతం ఎక్కడ పనిచేస్తుందంటే, రోడ్డు మీద కంటే పై స్థాయి నిర్ణయాల్లో. ఏ రకం కేసులు పెట్టాలి, వేటిని వదిలేయాలి, ఎవరితో ప్లీ బేరం (తప్పు ఒప్పుకుంటే శిక్ష తగ్గించే ఒప్పందం) ఒప్పుకోవాలి అన్నది డీఏ ఇష్టం. ఇమిగ్రేషన్ వాళ్లతో 287జి ఒప్పందం మీద సంతకం చేసేది షెరీఫ్. 1996 చట్టంతో వచ్చిన ఈ ఏర్పాటులో స్థానిక అధికారులకు కొన్ని ఇమిగ్రేషన్ అధికారాలు దక్కుతాయి. జైళ్లు నడిపే షెరీఫ్‌లు ఇలాంటి ఒప్పందాలకు వెళ్లాలని టెక్సస్ 2025లో చట్టం చేసింది. చిన్న కేసులో కౌంటీ జైలుకి వెళ్లినా ఇమిగ్రేషన్ చెకింగ్ దాకా పోవచ్చని దీని అర్థం. ఫెడరల్ వైపు 93 మంది యూఎస్ అటార్నీలను (ఫెడరల్ కేసులు నడిపే ప్రాసిక్యూటర్లను) అధ్యక్షుడే నియమిస్తాడు, సెనేట్ ఆమోదిస్తుంది. ఎఫ్‌బీఐ డైరెక్టర్‌కి పదేళ్ల గడువు పెట్టింది రాజకీయాలకు దూరంగా ఉంచడానికే, అయినా 2017లో జేమ్స్ కోమీని మధ్యలోనే తీసేశారు. గడువు అన్నది రక్షణే కానీ పూర్తి రక్షణ కాదు.

జవాబు (ప్లేనో)
స్టిక్కర్ సంగతి నేను చెప్తాను. స్టిక్కర్ పెట్టుకోవడం నీ హక్కు, దాని కోసమని ఎవరూ ఆపకూడదు. కానీ 1996లో సుప్రీంకోర్టు రెన్ కేసులో ఏం చెప్పిందంటే, నిజంగా ఒక ట్రాఫిక్ తప్పు కనబడితే చాలు, ఆఫీసర్ మనసులో ఇంకే ఉద్దేశం ఉన్నా ఆపడం చెల్లుతుంది. కాబట్టి ఆపడానికి సాకు దొరక్కుండా చూసుకోవడమే మన చేతిలో ఉన్నది. టెక్సస్‌లో మలుపుకి కనీసం 100 అడుగుల ముందు నుంచి సిగ్నల్ వేసి ఉంచాలి. నంబర్ ప్లేటు ముందూ వెనకా రెండూ ఉండాలి. ముందు సీట్ల పక్క అద్దాల టింట్ కనీసం 25 శాతం వెలుతురు లోపలికి రానివ్వాలి. వేరే రాష్ట్రంలో కొన్న పాత కారు తెచ్చుకున్నవాళ్లు ఈ ప్లేటు, టింట్ విషయాల్లోనే దొరుకుతారు.

ఆపినప్పుడు కుడివైపు ఆపి, రాత్రయితే లోపల లైటు వేసి, చేతులు స్టీరింగ్ మీదే ఉంచు. లైసెన్స్, ఇన్సూరెన్స్ అడిగాక, "గ్లవ్ బాక్స్‌లో ఉన్నాయి, తీస్తున్నాను" అని చెప్పి అప్పుడు తియ్యి. కారు దిగమంటే దిగాలి, పక్కన కూర్చున్నవాళ్లు కూడా దిగాలి. కారు వెతుకుతానంటే "ఐ డోంట్ కన్సెంట్ టు ఎ సెర్చ్" అని మర్యాదగా ఒక్కసారి చెప్పు, కానీ అడ్డుపడొద్దు. ఆ మాట తర్వాత కోర్టులో పనికొస్తుంది. టికెట్ పని అయిపోయాక మత్తుమందులు పసిగట్టే కుక్కని రప్పించడానికని ఇంకా నిలబెట్టకూడదని 2015 రోడ్రిగెజ్ తీర్పు. "యామ్ ఐ ఫ్రీ టు గో?" అని అడగడం అందుకే. ఫోన్ మౌంట్‌లో పెట్టి వీడియో తీసుకోవచ్చు, పోలీసులను వీడియో తీసే హక్కుని మన ఫిఫ్త్ సర్క్యూట్ అప్పీల్ కోర్టు 2017లో గుర్తించింది. ఆఫీసర్ మొహం ముందు ఫోన్ ఊపడం మాత్రం వద్దు.

18 ఏళ్లు నిండిన విదేశీయులు ఇమిగ్రేషన్ రిజిస్ట్రేషన్ కాగితం ఎప్పుడూ దగ్గర పెట్టుకోవాలన్నది ఫెడరల్ చట్టం. ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు) ప్రింట్ ఒకటి మీ ఇద్దరి పర్సుల్లోనూ ఉండాలి.

ఇంకో మాట. "మాకు ఫలానా కౌన్సిల్‌మన్ తెలుసు" అనే మాట ఆఫీసర్ ముందు అనొద్దు. ఊళ్లో స్టేషన్‌కి ఎమ్మెల్యే మనిషిని తీసుకెళ్లడం మనకి అలవాటు. ఇక్కడ టికెట్ మాయం చేయించడం నేరం, బాడీ కెమెరాలో ఆ మాట అలాగే ఉండిపోతుంది. కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసు యూఎస్‌సీఐఎస్ (వీసా, గ్రీన్ కార్డ్ అర్జీలు చూసే శాఖ) ఆలస్యం లాంటి ఫెడరల్ పనుల్లో సాయం చేస్తుంది, ఓటు లేకపోయినా ఆ డిస్ట్రిక్ట్‌లో ఉంటే చాలు, ప్రైవసీ రిలీజ్ ఫారం నింపాలి. పోలీసు కేసుల్లో, కోర్టుల్లో మాత్రం వేలు పెట్టదు.

జవాబు (ఎడిసన్, న్యూజెర్సీ)
మా వైపు పద్ధతి వేరు కాబట్టి ఇటు మారేవాళ్ల కోసం రాస్తున్నాను. న్యూజెర్సీలో కౌంటీ ప్రాసిక్యూటర్‌కి ఎన్నిక లేదు, గవర్నర్ అయిదేళ్లకు నియమిస్తాడు. షెరీఫ్‌కి ఎన్నిక ఉంది, మూడేళ్లకోసారి. స్థానిక పోలీసులు ఇమిగ్రేషన్ పనుల్లో ఎంతవరకు పాల్గొనాలో 2018 నుంచి అటార్నీ జనరల్ ఆదేశం పరిమితి పెట్టింది. ఒకే హెచ్1బి కాగితం, రెండు రాష్ట్రాల్లో రెండు అనుభవాలు.

ఇక్కడ పీబీఏ కార్డులు అని ఉంటాయి, పోలీసు యూనియన్ సభ్యులు తమవాళ్లకు ఇచ్చేవి. అది చట్టపరంగా దేనికీ పనికిరాదు. ఆఫీసర్ వదిలితే అది ఆయన ఇష్టం, అంతే. అన్ని రాష్ట్రాల్లోనూ "పోలీస్ అసోసియేషన్" పేరుతో ఫోన్ చేసి విరాళం ఇస్తే స్టిక్కర్ పంపుతాం అంటారు. అందులో మోసాలు చాలా ఎక్కువ, అసలుదే అయినా ఆ స్టిక్కర్ నీకు ఏ రక్షణా ఇవ్వదు. ఫోన్ పెట్టేయ్.

జవాబు (ఇర్వింగ్)
అందరూ పోలీసుల గురించి రాశారు. తమ్ముడూ, నీకు అసలు ప్రమాదం పోలీసు పక్షపాతం కంటే నీ చేత్తో నువ్వు పెట్టే టిక్‌లోనే ఉంది. దయచేసి ఇది రెండుసార్లు చదువు, మీ ఆవిడ చేత కూడా చదివించు.

డ్రైవింగ్ లైసెన్స్ ఫారంలో "అమెరికా పౌరులా?" అనీ, పౌరులైతే ఓటరుగా నమోదు కావాలా అనీ అడుగుతారు. 1993 మోటర్ ఓటర్ చట్టం వల్ల ఈ ప్రశ్న చాలా రాష్ట్రాల్లో ఉంటుంది. కౌంటర్‌లో వాళ్లు గబగబా అడుగుతుంటే మనం "యెస్, యెస్" అంటూ పోతాం. రెండిటికీ "నో" పెట్టాలి, స్క్రీన్ మీద వచ్చింది చదివాకే సంతకం చేయాలి. ఓటు కోసం పౌరుణ్నని తప్పుగా చెప్పడం ఇమిగ్రేషన్ చట్టంలో శాశ్వత అనర్హత, దానికి మినహాయింపు దాదాపు లేనట్టే. నిజంగా ఓటు వేస్తే ఫెడరల్ నేరం కూడా, ఏడాది దాకా జైలు. ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యావా అని సిటిజన్‌షిప్ ఫారం ఎన్-400లో సూటిగా అడుగుతారు. గ్రోసరీ షాపు బయట క్లిప్‌బోర్డ్ పట్టుకుని నిలబడేవాళ్ల దగ్గరా ఇంతే, సంతకం పెట్టొద్దు. టెక్సస్‌లో జ్యూరీ పిలుపులు లైసెన్స్ జాబితా నుంచి కూడా వెళ్తాయి కాబట్టి మీకూ రావచ్చు. పక్కన పడేయకుండా, పౌరుణ్ని కాదు అనే గడి టిక్ చేసి తిప్పి పంపండి.

ఫండ్‌రైజర్‌కి వెళ్లి కూర్చోవచ్చు, వినొచ్చు. డబ్బు మాత్రం ఒక్క డాలర్ ఇవ్వకూడదు. ఫెడరల్, రాష్ట్ర, సిటీ, స్కూల్ బోర్డు, ఏ ఎన్నికైనా సరే విదేశీయులు విరాళం ఇవ్వడం నిషేధం. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకు మాత్రమే మినహాయింపు, వాళ్లకూ ఓటు లేదు. డిన్నర్ టికెట్ కొన్నా అది విరాళమే. "నువ్వు నాకు జెల్ యాప్‌లో డబ్బు పంపు, నా పేరు మీద ఇస్తాను" అని ఎవరైనా అంటే అది వేరొకరి పేరుతో విరాళం, ఇద్దరికీ నేరమే. మొహమాటానికి ఒప్పుకోవద్దు, "నా వీసాకి కుదరదండీ" అంటే పెద్దవాళ్లెవరూ బలవంతం చేయరు. జీతం తీసుకోకుండా ఇంటింటికీ తిరగడం, ఫోన్లు చేయడం లాంటి వాలంటీర్ పని చేయొచ్చు, కానీ డబ్బు ఎలా ఖర్చు పెట్టాలనే నిర్ణయాల్లో కూర్చోకూడదు. పౌరులైన మీ బంధువులకు కూడా చెప్పండి: ఫెడరల్ అభ్యర్థికి 200 డాలర్లు దాటిన విరాళం పేరు, ఊరు, ఉద్యోగంతో సహా బయటికి కనబడుతుంది.

గుళ్లు, తెలుగు సంఘాలు పన్ను మినహాయింపు ఉన్నవైతే 1954 నుంచి ఉన్న నియమం ప్రకారం అభ్యర్థికి ప్రచారం చేయకూడదు. వేదిక మీదికి అన్ని పార్టీల వాళ్లనీ సమానంగా పిలవొచ్చు. కార్యవర్గంలో చేరమని అడిగితే ఈ సంగతి ముందు అడిగి తెలుసుకో.

జవాబు (కాలిన్ కౌంటీ, మళ్లీ)
ఇంటి ముందు రాజకీయ బోర్డు గురించి: సొంత ఇల్లయితే ఎన్నికకు 90 రోజుల ముందు నుంచి 10 రోజుల తర్వాత వరకు రాజకీయ బోర్డుని హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) ఆపలేదు. ఒక్కో అభ్యర్థికి ఒకటే, 4 అడుగులకు 6 అడుగులు మించకూడదు. అద్దె ఇల్లయితే లీజు చూసుకో. ఆఫీసులో మాత్రం జాగ్రత్త. వాక్ స్వాతంత్ర్యం ప్రభుత్వం నుంచి రక్షణ, ప్రైవేటు కంపెనీ నుంచి కాదు. రాజకీయ మాటల మీద టెక్సస్‌లో ఉద్యోగం తీసేస్తే అడ్డుకునే చట్టం ప్రైవేటు ఉద్యోగికి లేదు, ఆపైన హెచ్1బి మీద ఉన్న మనకి కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి ఉండేది 60 రోజులే. కాలిఫోర్నియా చట్టం ఈ విషయంలో నయం. ఆన్‌లైన్ పోస్టులు కూడా లెక్కే, వీసా ఫారం డీఎస్-160 అయిదేళ్ల సోషల్ మీడియా ఖాతాల పేర్లు అడుగుతుంది.

ప్రశ్న (ఫ్రిస్కో)
చాలా థాంక్స్ అన్నా, అందరికీ. ఒకవేళ నిజంగానే పక్షపాతంతో ఆపారనిపిస్తే ఏం చేయాలి?

జవాబు (ప్లేనో)
అదే రోజు కూర్చుని టైము, రోడ్డు పేరు, ఆఫీసర్ పేరు, బ్యాడ్జి నంబర్, కారు యూనిట్ నంబర్, అన్న మాటలు రాసిపెట్టు. టెక్సస్‌లో బాడీ కెమెరా వీడియో కనీసం 90 రోజులే దాచాలి, అందుకని మొదటి వారంలోనే భద్రపరచమని రాతలో అడుగు. వీడియో కోసం పెట్టే అర్జీలో తేదీ, సుమారు సమయం, చోటు, అందులో ఉన్న ఒకరి పేరు తప్పనిసరి, ఒకటి తగ్గినా తిప్పి పంపుతారు. ఫిర్యాదు రాతలో, నీ సంతకంతో ఉండాలి. ఫోన్‌లో చెప్పిన దానికి బలం లేదు. న్యూజెర్సీలో పేరు చెప్పకపోయినా తీసుకుంటారు, వీడియో 180 రోజులు ఉంటుంది.

ఆశ ఎంత పెట్టుకోవాలో కూడా చెప్పాలి. జాతి వివక్ష లెక్కలను టెక్సస్ ఏజెన్సీలు ప్రతి మార్చి 1 లోపు ఇవ్వాలి, రాజకీయ అభిప్రాయం ఆ లెక్కల్లో ఉండదు. మాటలకు కక్షతో అరెస్టు చేశారని దావా వేసినా, అరెస్టుకి తగిన కారణం ఉంటే 2019 నీవ్స్ తీర్పు ప్రకారం సాధారణంగా నిలవదు. నిలవాలంటే, అదే పని చేసిన మిగతావాళ్లను వదిలేసి నిన్నే పట్టుకున్నారని ఆధారం చూపాలి. సివిల్ రైట్స్ దావాకి గడువు రెండేళ్లు.

అరెస్టు దాకా వెళ్తే, ఏ కాగితం మీదా సంతకం పెట్టకముందే క్రిమినల్ లాయర్‌కి నీ వీసా ఏదో చెప్పు. ప్లీ వల్ల ఇమిగ్రేషన్‌కి వచ్చే చిక్కు చెప్పడం లాయర్ బాధ్యత అని 2010 పడియా తీర్పు. టెక్సస్‌లో "డిఫర్డ్ అడ్జుడికేషన్ (తీర్పు వాయిదా వేసి, షరతులు పాటిస్తే కేసు మూసేసే పద్ధతి) తీసుకో, రికార్డులో శిక్ష పడదు" అని తేలిగ్గా చెప్తారు. తప్పు ఒప్పుకుని తీసుకున్న డిఫర్డ్ ఇమిగ్రేషన్ దృష్టిలో శిక్ష పడినట్టే. ఆ మాట వినబడగానే ఇమిగ్రేషన్ లాయర్‌ని కూడా పక్కన కూర్చోబెట్టు.