అంటువ్యాధి రోజుల్లో శుభ్రత ఎక్కడ ఆగుతుంది, భయం ఎక్కడ మొదలవుతుంది?

వేపపువ్వు అడిగారు:
మహమ్మారి రోజుల్లో శుభ్రత అందరికీ అవసరమే. అది మనిషిని తినేసే భయంగా మారిందని ఎలా పోల్చుకోవాలి? ఉదాహరణకు ఒక మనిషి బయటి నుంచి వచ్చిన ప్రతి ప్యాకెట్‌నూ మూడుసార్లు కడుగుతాడు, రక్తంలో ఆక్సిజన్ చూడడానికి రోజుకు పదిహేనుసార్లు వేలికి ఆక్సీమీటర్ పెట్టుకుంటాడు, "నాకేం కాదు కదా" అని ఇంట్లోవాళ్లను పదేపదే అడుగుతాడు. మందలిస్తే తగ్గదు. సర్దిచెబితే అరగంట బాగుండి మళ్లీ మొదలు. మామూలు రోజుల్లో ఇలాంటి భయానికి చికిత్సగా చేతులు కడగకుండా ఉండే అభ్యాసం ఇస్తారు కదా, వ్యాధి నిజంగానే తిరుగుతున్నప్పుడు అదెలా కుదురుతుంది?

తెల్లకాగితం:
ఎన్నిసార్లు కడిగారన్న దానికంటే ఎప్పుడు ఆపారన్నది చూడండి. జాగ్రత్తగా ఉండే మనిషి సబ్బుతో 20 సెకన్లు రుద్ది, కడిగేసి, పనిలో పడతాడు. భయం పట్టిన మనిషి "ఇప్పుడు శుభ్రమైంది" అని మనసుకు అనిపించేదాకా ఆపలేడు. కడిగేకొద్దీ ఆ తృప్తి మరింత ఆలస్యంగా వస్తుంది. భయపు ఆలోచనలు, కడగడాలు కలిపి రోజుకు గంటకు మించి పడుతున్నా, పనీ నిద్రా దెబ్బతింటున్నా, ఓసీడీ (వద్దనుకున్నా వచ్చే ఆలోచనలు, వాటి వల్ల ఆపుకోలేక పదేపదే చేసే పనులు ఉండే మానసిక జబ్బు) ఉందేమో మానసిక వైద్యుల చేత చూపించుకోవాలి.

ఇంకో మాట. 2020లో వచ్చిన కరోనావైరస్ ఆందోళన కొలమానంలో అయిదే ప్రశ్నలు: తల తిరగడం, నిద్ర చెడడం, కొయ్యబారిపోవడం, ఆకలి పోవడం, కడుపులో తిప్పడం. గత రెండు వారాలను బట్టి ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు. మొత్తం 9 గానీ ఆపైన గానీ వస్తే లోతుగా పరీక్షించాలి. అయితే కడగడం గురించి అందులో ఒక్క ప్రశ్నా లేదు. రోజంతా కుళాయి దగ్గరే గడిపే మనిషికీ తక్కువ మార్కులు రావచ్చు. ఆ అంకెను నమ్ముకుని ఊరుకోకండి.

నెమ్మది:
"ఏం కాదులే" అన్న మాట కూడా కడగడం లాంటిదే. వినగానే భయం దిగుతుంది. ఆ మాట వల్లే దిగిందని మెదడు నేర్చుకుంటుంది. ఊరికే ఉన్నా దిగేదన్న సంగతి దానికి తెలిసే అవకాశమే రాదు. పైగా వైరస్ కంటికి కనిపించదు, లక్షణాలు కొన్ని రోజులకు గానీ బయటపడవు. కాబట్టి "సోకలేదు" అని ఖాయంగా చెప్పగల ఘడియ ఎప్పుడూ దొరకదు.

మీ అసలు ప్రశ్నకు జవాబు: ఆరోగ్య శాఖ చెప్పిన జాగ్రత్తలను గీతగా పెట్టుకోవాలి. గీత లోపలివి ముట్టుకోరు, దాని పైన చేర్చుకున్నవి మాత్రమే తీసేస్తారు. ముందు ఒక కాగితం మీద గీత రాయండి: తినే ముందు, మరుగుదొడ్డికి వెళ్లొచ్చాక, బయటి నుంచి రాగానే, దగ్గో తుమ్మో వచ్చాక, ఒక్కసారి, 20 సెకన్లు. దాని కింద అదనపు పనులన్నీ రాసి, ఒక్కోటి మానేస్తే ఎంత భయమేస్తుందో 0 నుంచి 100 వరకు అంకె వేయించండి. 30, 40 ఉన్నదానితో మొదలుపెట్టాలి. ప్యాకెట్‌ను మూడుసార్లకు బదులు ఒక్కసారి తుడవడం 35 అనుకుందాం, అసలు తుడవకపోవడం 55, సొంత ఇంటి తలుపు గొళ్లెం పట్టుకుని కడుక్కోకుండా గంట కూర్చోవడం 60. ఒకే మెట్టు రోజూ చేయాలి, మొదటి భయం సగానికి పడిపోయాకే పై మెట్టు.

ఇక్కడ ఎక్కువగా చెడేది దొంగచాటు ఉపశమనం దగ్గర. సబ్బు మానేసి శానిటైజర్ రాసుకుంటారు, లేదా "తర్వాత స్నానం చేస్తాగా" అని లోలోపల అనుకుంటారు. అలా చేస్తే మెదడుకు కొత్త పాఠమేదీ అందదు. వైరస్ అంటిన వస్తువును ఒకసారి తాకితే కోవిడ్ సోకే ముప్పు సాధారణంగా 10,000లో ఒకటి కంటే తక్కువని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2021 ఏప్రిల్‌లో చెప్పింది. మెట్లు వేసేటప్పుడు ఆ సంగతి ఒక్కసారి చెప్పండి. రోజూ చెబితే అదీ ఓదార్పు మంత్రమైపోతుంది.

తెల్లకాగితం:
ఆక్సీమీటర్ సంగతి. వేళ్లు చల్లగా ఉన్నా, గోళ్లకు రంగు ఉన్నా, చెయ్యి కదిలినా అంకె తప్పుగా తక్కువ చూపవచ్చు. అది చూసి భయం, భయంతో మళ్లీ పరీక్ష. లక్షణాలు లేనివారి దగ్గర ఆ పరికరం అందుబాటులో లేకపోవడమే మేలు. డాక్టర్ చూడమన్నవారు చెప్పిన వేళలకే చూసి, రాసుకుని, లోపల పెట్టేయాలి.

ఇంట్లోవాళ్లు భరోసా ఇవ్వడం ఒక్కరోజులో మానేయకూడదు. మనిషి కుదురుగా ఉన్నప్పుడు కూర్చుని ఒప్పందం చేసుకోండి: "ఆ ప్రశ్నకు జవాబివ్వను, నీ పక్కనే ఉంటాను." మందులు అవసరమైతే ఓసీడీలో వాటి ఫలితం తేలడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. రెండు వారాలకే మానేయనివ్వకండి. కూరగాయలను బ్లీచింగ్ నీళ్లతోనో సబ్బుతోనో కడుగుతుంటే మాత్రం వెంటనే ఆపించాలి. దానికి మెట్లూ గిట్లూ వద్దు.

వేపపువ్వు:
గంట కూర్చోలేక మధ్యలోనే లేచి కడిగేసుకుంటే?

నెమ్మది:
మెట్టు ఎత్తు ఎక్కువైందన్నమాట. మానడం బదులు వాయిదా వేయించండి: 5 నిమిషాలు, రెండు మూడు రోజులయ్యాక 10, తర్వాత 20. కడిగేసుకుంటే తిట్టకుండా మళ్లీ అదే గొళ్లెం పట్టుకోమనండి.