నవాసారం: ఈ మాట ఇంకా వాడుకలో ఉందా?

కళాయి పోసేవాళ్లు వేడెక్కిన ఇత్తడి గిన్నెలో చల్లే తెల్లపొడిని మా అమ్మమ్మ నవాచారం అనేది. నిఘంటువులో చూస్తే నవాసారం అని ఉంది. ఈ మాట ఇప్పుడెవరైనా వాడుతున్నారా?

— మా ఇంట్లో నవాసారమే అనేవాళ్లండి. హిందీలో నౌసాదర్, పారశీకంలో నౌషాదర్. దగ్గరి చుట్టాలే.

— నేను చమురు శుద్ధి కర్మాగారంలో పనిచేశాను. అక్కడ మాకు పెద్ద టెన్షన్ ఈ నవాసారమే! పేరు మాత్రం ‘సాల్ట్’ అనేవాళ్లం. ముడిచమురులో నత్రజని సాధారణంగా ఒక శాతం లోపే ఉంటుంది. కానీ ఆ కొంచెమే తర్వాతి యూనిట్లలో ఆమ్ల గుణమున్న ఉత్ప్రేరకాన్ని పాడుచేస్తుంది. అందుకని నికెల్, మాలిబ్డినం ఉన్న ఉత్ప్రేరకం మీద, 350–400 డిగ్రీల వేడిలో, హైడ్రోజన్ పట్టించి ఆ నత్రజనిని అమ్మోనియాగా బయటికి తీస్తారు. క్వినొలిన్ లాంటి, రెండు వలయాలు అతుక్కుని ఉన్న అణువుల్లో నత్రజని ఉన్న వలయంతో ఆగకుండా పక్క వలయం కూడా హైడ్రోజన్ తాగేస్తుంది. అదంతా దండగ ఖర్చు. అసలు తలనొప్పి ఆ తర్వాత. ముడిచమురులోని ఉప్పు నుంచో, హైడ్రోజన్‌తో పాటో కాస్త క్లోరిన్ వచ్చి చేరుతుంది. అది హైడ్రోజన్ క్లోరైడ్‌గా మారుతుంది. వేడిలో అదీ, అమ్మోనియా రెండూ వాయువులుగానే ఉంటాయి, చల్లబడే గొట్టాల్లోకి రాగానే కలిసి తెల్లగా పేరుకుంటాయి. అదే అమ్మోనియం క్లోరైడ్, అంటే మీ అమ్మమ్మగారి నవాచారం. ‘లవణ నిక్షేపం’ అని కొత్త మాట కట్టుకోవడమెందుకు? ‘గొట్టాల్లో నవాసారం పట్టింది’ అంటే చాలదా?

— చాలా బాగుందండీ! నీళ్లతో కడిగితే పోతుందా?

— ఇట్టే కరిగిపోతుంది. కానీ నీళ్లు ధారాళంగా పట్టాలి. చెమ్మ మాత్రమే తగిలితే అసలుకే మోసం, తడిసిన నవాసారం ఉక్కును తినేస్తుంది. కళాయి పనిలో అక్కరకొచ్చేది కూడా ఈ తినే గుణమే. వేడి గిన్నె మీద పడగానే తెల్లటి పొగై విడిపోయి, అందులోని ఆమ్లం ఇత్తడి మీది చిలుమును తీసేస్తుంది. అలా శుభ్రమైన లోహానికే తగరం అంటుకుంటుంది.