రాజీనామా మీద సంతకం పెట్టమంటున్నారు (52 ఏళ్లు, మందుల కంపెనీ, జడ్చర్ల వైపు)

పాలమూరు52:
అందరికీ నమస్తే. జడ్చర్ల దగ్గర ఒక మందుల కంపెనీలో కంప్రెషన్ ఆపరేటర్‌ని, పొడిని మాత్రలుగా నొక్కే మెషిన్ నాది. 2007లో చేరాను, 18 ఏళ్లు నిండాయి. బేసిక్, డీఏ కలిపి 16,900. పోయిన సోమవారం షిఫ్టు దిగి డ్రెస్ మార్చుకుంటుంటే హెచ్‌ఆర్ నుంచి పిలుపు వచ్చింది. లోపల ఒక కుర్రాడు, మా పెద్దబిడ్డ వయసుంటుంది. "కూర్చోండి అంకుల్, టీ తాగుతారా?" అన్నాడు. ఇన్నేళ్లలో ఆ గదిలో నాకు టీ ఇప్పించడం అదే మొదలు. సగం తాగానో లేదో, కాగితం ముందుకు జరిపాడు. వ్యక్తిగత కారణాలతో రాజీనామా చేస్తున్నట్టు టైపు చేసి ఉంది. నా పేరు, నంబరు కూడా ఉన్నాయి, తేదీ మాత్రం ఖాళీ. సంతకం పెడితే మూడు నెలల జీతం ఇస్తారట. లేకుంటే ఏమిటో చెప్పలేదు, ఊరికే నా వైపు చూశాడు.

మా బ్లాకులో 11 మందిని ఇలాగే పిలిచారు. బస్సులో లెక్కేసుకుంటే 45 లోపువాళ్లు ఒక్కరూ లేరు. రెండేళ్ల కింద వచ్చిన డిప్లొమా పిల్లలంతా భద్రంగా ఉన్నారు. వాళ్లకు మెషిన్ నేర్పింది మేమే. కొత్త మెషిన్ స్క్రీన్‌తో నేను కొంచెం తడబడతాను, ఆ మాట ఒప్పుకుంటా. కానీ మాత్రను నొక్కే పంచ్ అరిగితే చప్పుడు మారుతుంది, అది స్క్రీన్ మీద కనబడేలోపే నా చెవికి తెలుస్తుంది.

వయసు చూసి తీసేస్తే కేసు వేయొచ్చా? చిన్నబిడ్డ బీఫార్మసీ రెండో ఏడు. ఇంట్లో ఇంకా చెప్పలేదు, రోజూ మెట్టుగడ్డలో బస్సు ఎక్కుతూనే ఉన్నాను.

మిల్లుకాంటా (మిర్యాలగూడ):
తమ్ముడూ, నేను పెట్టాను సంతకం. సిమెంటు ఫ్యాక్టరీలో, 49 ఏళ్లప్పుడు. బయట ఇంకో ఉద్యోగం దొరక్కపోతుందా అనుకున్నా. ఎక్కడికి పోయినా బయోడేటాలో పుట్టిన సంవత్సరం దగ్గరే చూపు ఆగేది. ఇప్పుడు రైస్‌మిల్లు కాంటా దగ్గర రాత్రి డ్యూటీ, లారీ నంబర్లు రాసుకుంటున్నా. లేబర్ ఆఫీసుకు కూడా పోయి చూశా. "నువ్వే రాజీనామా ఇచ్చావు కదయ్యా" అని ఆ కాగితమే నా ముందు పెట్టారు.

షాద్‌నగర్ 27:
ఏమనుకోవద్దు, పెద్దవాళ్లకే అన్యాయం జరుగుతున్నట్టు మాట్లాడుతున్నారు. మా దగ్గర ముందు పోయింది కాంట్రాక్టు పిల్లలమే. టీ లేదు, కాగితం లేదు. పొద్దున గేటు దగ్గర కార్డు పనిచేయలేదు, అంతే. కంపెనీ చూసేది వయసు కాదు, జీతం. మీ ఒక్కరి జీతంతో ఇద్దరు కొత్తవాళ్లు వస్తారు.

యూనియన్ పాతకాపు (నల్లగొండ):
షాద్‌నగర్ తమ్ముడూ, నీ లెక్క నిజమే. కానీ జీతం పెరిగేది సర్వీసుతోనే కదా, సర్వీసు ఉన్నోడికి వయసు ఉండదా? నీ కార్డు సంగతి వేరే పోస్టు పెట్టు, అది చిన్న విషయం కాదు.

పాలమూరు అన్నా, వయసు చూసి తీసేయొద్దని ప్రైవేటు కంపెనీలకు చెప్పే చట్టం మన దగ్గర లేదు. అమెరికాలో 1967 నుంచి ఉంది, 40 దాటినవాళ్లకు వర్తిస్తుంది. అక్కడ గుంపుగా తీసేస్తూ, వయసు మీద దావా వేయబోమని వాళ్లతో రాయించుకోవాలంటే ఆలోచించుకోడానికి 45 రోజులు ఇవ్వాలి. సంతకం పెట్టాక కూడా 7 రోజుల్లో వెనక్కి తీసుకోవచ్చు. మీకు టీ చల్లారే టైం కూడా ఇవ్వలేదు.

మనకున్న ఆధారం సర్వీసు. చివర వచ్చినవాడు ముందు పోవాలన్నది 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉండేది, దాని బదులు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది. అలా చేయకపోతే కంపెనీ కారణం రాసిపెట్టాలి. నెల నోటీసు లేదా నెల జీతం ఇవ్వాలి, సర్వీసులో ఏడాదికి 15 రోజుల సగటు జీతం చొప్పున పరిహారం కట్టాలి. 300 మంది వర్కర్లున్న ఫ్యాక్టరీ అయితే ముందే ప్రభుత్వ అనుమతి కావాలి. మీ అంతట మీరు రాజీనామా ఇస్తే ఇందులో ఏదీ వర్తించదు. ఆ కుర్రాడు కాగితం పట్టుకుని తిరిగేది అందుకే. ఇవన్నీ వర్కర్లకే కాబట్టి మీరు వర్కర్ కాదు, అసోసియేట్ అంటారేమో. హోదా పేరు ఏదైనా, చేసే పనే లెక్క.

గ్రాట్యుటీ దీనికి పూర్తిగా వేరు. 16,900ని నెలకు 26 పనిదినాలతో భాగిస్తే రోజుకు 650, దాన్ని 15 రోజులతో గుణిస్తే ఏడాదికి 9,750. 18 ఏళ్లకు 1,75,500. రాజీనామా ఇచ్చినా, మనుషులు ఎక్కువయ్యారని వాళ్లు తీసేసినా అది మీదే, ఆ మూడు నెలల జీతంలో కలిపి చూపిస్తే ఒప్పుకోవద్దు. పీఎఫ్ పెన్షన్‌కు మాత్రం తొందరపడకండి, 58కి ముందు తీసుకుంటే ఏడాదికి 4 శాతం కోత.

ఇప్పుడైతే ఒక తెల్లకాగితం మీద రాయండి, తెలుగులో చాలు: ఫలానా రోజు రాజీనామా అడిగారు, నాకు ఇష్టం లేదు, డ్యూటీకి వస్తున్నాను అని. స్పీడ్‌పోస్టులో పంపి రసీదు దాచుకోండి, ఒక కాపీ లేబర్ ఆఫీసుకు ఇవ్వండి. 11 మంది చేరిన తేదీలు, ఆ డిప్లొమా పిల్లలు చేరిన తేదీలు ఒకే పేజీలో రాసుకుని అందరూ కలిసి పోండి.

పాలమూరు52:
రాత్రి ఇంట్లో చెప్పేశా. మా ఆమె "నాలుగు రోజుల నుంచి బాక్సు సగం మిగుల్చుకొస్తుంటే అనుకున్నాలే" అంది. లెటరు చిన్నబిడ్డే రాసిపెట్టింది. మాలో ఇద్దరు నిన్ననే సంతకం పెట్టేశారు, ఒకాయనకు వచ్చే నెల బిడ్డ పెళ్లి. వాళ్లకు ఇంక దారి లేదా?

యూనియన్ పాతకాపు (నల్లగొండ):
కంపెనీ ఒప్పుకున్నట్టు లెటరు ఇచ్చిందా? ఇవ్వకపోతే రాజీనామా వెనక్కి తీసుకుంటున్నట్టు ఈ రోజే రాసి ఇమ్మనండి. రేపటిదాకా ఆగొద్దు. తేదీ వాళ్ల చేతిలో ఉంది.