పక్కనున్న కాటాకు ఫోను, వయా ముంబై

మిల్లు గుమస్తా (మిర్యాలగూడ):
మాది రైస్ మిల్లు. ఆఫీసు, గోదాము, కాటా కలిపి నెట్టు మీద నడిచే ఐపీ ఫోన్లు 12. కాల్స్ కలిపే ఆస్టరిస్క్ సాఫ్ట్‌వేరు నడిచే సర్వరు ముంబైలో అద్దెకు తీసుకున్నాం. ఆఫీసు నుంచి కాటాకు గట్టిగా పిలిస్తే వినపడుతుంది, కానీ ఫోనులో మాట మాత్రం ముంబై వెళ్లి వస్తోంది. ధాన్యం లారీలు బారులు తీరినప్పుడు గొంతు ముక్కలుముక్కలుగా వినిపిస్తోంది. మిల్లులో మాట మిల్లులోనే తిరగదా?

తీగల పని (నల్లగొండ):
తిరుగుతుంది. ఎవరు ఎవరిని పిలుస్తున్నారో చెప్పేది సిప్, గొంతును మోసేది ఆర్‌టీపీ. సర్వరు అవసరం మొదటిదానికే. పెళ్లిళ్ల పేరయ్య సంబంధం కుదిర్చి వెళ్లిపోవాలి గానీ కాపురంలో కూర్చోకూడదు. గొంతును డేటాగా మార్చే పద్ధతి జీ.711 అయితే ఒక్కో ఫోనుకు సెకనుకు వెళ్లేటప్పుడు 80, వచ్చేటప్పుడు 80 కిలోబిట్లు. మీ కాల్‌లో రెండు ఫోన్లూ ఒకే లైను మీద ఉన్నాయి కాబట్టి అప్‌లోడే 160 పోతోంది. గొంతును ఫోన్ల మధ్య నేరుగా పంపే డైరెక్ట్ మీడియా సెట్టింగు సర్వరులో ఆన్ చేసి చూడండి.

మిల్లు గుమస్తా:
చేశాను. బెల్లు మోగుతోంది. ఎత్తితే రెండువైపులా నిశ్శబ్దం! ముక్కలైనా పాత గొంతే నయం.

పాలమూరు (మహబూబ్‌నగర్):
సర్వరుకు కనిపించేది మీ రౌటరు బయటి చిరునామా ఒక్కటే. రెండు ఫోన్లకూ అదే ఇచ్చి మాట్లాడుకోమంటోంది. లోపలి నుంచి బయలుదేరి మళ్లీ తన తలుపే తట్టే మాటను చాలా రౌటర్లు లోపలికి రానివ్వవు. ముందు రౌటరులో సిప్ ఏఎల్‌జీ (సిప్ సందేశాల్లోని చిరునామాలను మార్చే సదుపాయం) తీసేయండి, అది మేలు కన్నా చేటే ఎక్కువ చేస్తుంది. నేను మా రౌటరుకూ సర్వరుకూ మధ్య వైర్‌గార్డ్ అనే వీపీఎన్ సొరంగం వేశాను. అప్పుడు సర్వరుకు 192.168తో మొదలయ్యే లోపలి చిరునామాలే కనిపించాయి, ఫోన్లు నేరుగా మాట్లాడుకున్నాయి. సర్వరులో రికార్డింగు పెడితే మాత్రం గొంతు మళ్లీ అక్కడికి వెళ్లాల్సిందే.

పత్తి బేళ్లు (దేవరకొండ):
నెట్టు పోతే ఏం చేస్తారండీ? రోడ్డు తవ్వి మా ఫైబరు తెంపిన రోజున పక్క గదికి కూడా బెల్లు మోగలేదు, పిలుపు కలిపే సర్వరే అందలేదు మరి. తర్వాత రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటరులో ఇక్కడే ఆస్టరిస్క్ పెట్టుకున్నాం. మూడంకెల నంబర్లు ఇక్కడే కలుస్తాయి, మిగతావి దూరపు సర్వరుకు వెళతాయి. దానితోపాటు ఫోన్ల తీగలన్నీ కలిసే నెట్‌వర్క్ స్విచ్చుకూ యూపీఎస్ ఇవ్వండి. మేము స్విచ్చును మరిచిపోయాం.

మిల్లు గుమస్తా:
కాటా కాల్స్ రికార్డు చేయాల్సిందేనని మా యజమాని పట్టు. కాబట్టి దేవరకొండ దారే, రికార్డింగూ ఇక్కడే. ఈ మధ్యాహ్నం మాత్రం కాటా మనిషి నడిచి వచ్చి తూకం చెప్పి వెళ్లాడు. ఒక్క ముక్కా తెగలేదు.